అల్లుడుగారి బరువు

కాస్త జరగండి అల్లుడుగారూ. మిమ్మల్నే! ఎంతసేపని ఇలా నా పొట్ట మీద పడుకుంటారు? మామ అంటే పరుపనుకున్నారా?

జరగరు. మీకేం, కాన్వాసు గుడ్డ ఒళ్ళు. నొప్పీ లేదు, తీపూ లేదు. నన్ను చూడండి. నడుము పట్టేసింది. కుడిచెయ్యి మీ కింద ఇరుక్కుంది. ఇటు గోడ, అటు గొట్టాలు చుట్టిపెట్టే ఇనుప రాక్. ఒక మనిషి పక్కకి తిరిగి నడిచే సందు ఇది. అందులో మామా అల్లుళ్ళం ఇద్దరం పడుకున్నాం.

అరవొచ్చు కదా అంటారా? అరిచాను. రెండుసార్లు అరిచాను. ఈ ఫైర్ స్టేషన్ మొత్తంలో అన్నిటికంటే వెనకున్న గది ఈ స్టోర్‌రూమే. బండ్లేమో స్కూలుకెళ్ళాయి, మంట ఎలా ఆర్పాలో పిల్లలకు చూపించడానికి. ఉన్నది ముందు గదిలో ఫోను దగ్గర కూర్చునే ఆవిడ ఒక్కతే. ఆవిడ చెవులకు ఎప్పుడూ ఆ డిప్పలుంటాయి. నేను చచ్చి రెండ్రోజులైనా ఆవిడకు తెలియదు.

మూడోసారి అరవబోయి ఆగాను. ఎందుకాగానో మీకు తెలుసు, మీరే సాక్షి. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని.

ఊపిరి తీసుకోనివ్వండి... ఆ.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవా? రెండు చేతులు, రెండు కాళ్ళు, ముక్కూ మొహం లేని తల, లోపల ఇసుక. వీపు మీద తెల్లరంగుతో 75 అని అంకె. డెబ్బై అయిదు కిలోలు. ఏటా ఫిట్‌నెస్ పరీక్షలో మాలో ప్రతివాడూ మిమ్మల్ని మూడో అంతస్తు నుంచి భుజాన వేసుకుని తొంభై సెకన్లలో కిందికి దించాలి. దించినవాడు మంటలోకి వెళ్తాడు. దించలేనివాడు కుర్చీలోకి వెళ్తాడు.

ఇక్కడందరూ నన్ను మామా అంటారు. మీరేమో నా గదిలో ఉంటూ, పూచిక పుల్ల కూడా ఇటు తీసి అటు పెట్టకుండా, ఎక్కడికెళ్ళాలన్నా ఎవడో ఒకడి భుజం మీదే వెళ్తారు. అందుకే మీరు అల్లుడుగారయ్యారు. ఎవరు పెట్టారో గానీ పేరు బాగా కుదిరింది.

అదిగో, ఫోను. తలుపు పక్క మేకుకి తగిలించిన చొక్కా జేబులో. మీ అత్తగారే అయ్యుంటుంది. "వంకర సూది ఏమైందండీ, ఎక్కడా కనిపించట్లేదు" అని. ఇంట్లో స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది కదా, మందపు గుడ్డకి ఆ సూదే కావాలి. ఆ సూది ఇప్పుడు నా ప్యాంటు జేబులో, తొడకు గుచ్చుకుంటూ ఉంది.

ఆగిపోయింది. పాపం, మళ్ళీ చేస్తుంది.

ఆవిడ సంగతొకటి చెప్తా వినండి. ఎలాగూ లేవరుగా. మాది నాలుగో అంతస్తు. ఆవిడ మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగుతుంది. సంచీ కింద పెడుతుంది. ఆ అంతస్తు వాళ్ళతో రెండు మాటలు మాట్లాడుతుంది. మళ్ళీ ఎక్కుతుంది. సిగ్గూ లేదు, బెంగా లేదు. నేనాగను. ఒక్క ఊపున ఎక్కేసి, లోపలికెళ్ళి, తలుపు మూసి, గోడకానుకుని కుక్కలా రొప్పుతాను. ఎవరూ చూడకుండా రొప్పితే అది ఆయాసం కాదని నా లెక్క.

ఒకసారి ఆవిడ వెనకే వచ్చి చూసేసింది. ఏమందో తెలుసా? "ఒంటికి వయసు రావడం రోగమేం కాదండీ. వచ్చినదాన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టక, తలుపుకి గడియ పెడతారేం?" అంది. నాకెంత కోపమొచ్చిందో! నీకేం తెలుసు, నువ్వు కూర్చుని కుట్టేదానివి, నేను నిప్పులోకెళ్ళేవాణ్ణి అన్నాను. రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నా నడుము కొలత మారలేదని నాకు భలే గర్వం. కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి, చూడండ్రా, పెళ్ళినాటి ప్యాంటు అని. మొన్నామధ్య బెల్టు లూప్ ఊడితే లోపలి కుట్టు తిరగేసి చూశాను. పాత కుట్టు గుర్తులు వరసగా ఆరున్నాయి. ఏటా ఒక వేలెడు. నాకు చెప్పకుండా, నేను చిన్నబోతానని, ఏటా వదులు చేస్తూ వచ్చింది మహాతల్లి.

నవ్వొచ్చిందా? నాకు రాలేదు. ఆ ప్యాంటు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే అప్పటికి నేనూ మీ వీపు కుట్లు ఏటా విప్పుతున్నాను.

సరే, అనేశాను. ఈ గదిలో ఎవరున్నారు, మీరే కదా.

నాకు యాభై ఒకటి నిండిన ఏడు. పరీక్షలో మిమ్మల్ని దించాను, ఎనభై తొమ్మిది సెకన్లు. పాసే. కానీ ఆఖరి మలుపులో కళ్ళు బైర్లు కమ్మాయి. కుడి మోకాలు లోపల ఏదో చిరిగినట్టు చప్పుడు చేసింది. కింద అందరూ చప్పట్లు కొడుతుంటే నవ్వుతూ నిలబడ్డాను, మేకపోతు గాంభీర్యం అన్నమాట. బాత్రూమ్‌లోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

అప్పట్లో ఉన్న పాత ఆఫీసరు చూసినట్టున్నాడు. మర్నాడు పిలిచి, "మామా, కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటావా? ఊళ్ళో ప్రతి సందూ నీకు తెలుసు. పిలుపొచ్చినప్పుడు బండికి దారి చెప్పేవాడు లేక చస్తున్నాం" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడేమో చెంప మీద కొట్టినట్టనిపించింది. నన్ను కుర్చీలో కూలబెడతాడా వీడు, అనుకున్నాను. ఇంకా పదేళ్ళు మెట్లెక్కుతాను సార్ అని వచ్చేశాను.

వచ్చేశానే గానీ, మోకాలు వినదుగా! దానికి పట్టీ వేశాను. పైన ప్యాంటు కప్పాను. నొప్పి మాత్రలు విజిల్స్ ఉండే డబ్బాలో దాచాను. పొద్దున్నే పరుగు మానేసి నడక మొదలుపెట్టి, అడిగినవాళ్ళకు పరుగే అని చెప్పాను. తర్వాతి ఏడు పరీక్షకి వారముందు ఈ గదిలోనే, ఈ సందులోనే, మీ వీపు విప్పాను.

మూడు కిలోలు. మూడే! ఎవరికి నష్టం అనుకున్నాను. తీసిన ఇసుకను గోడకి వేలాడే ఎర్ర బకెట్లలో పోశాను. ఫైర్ స్టేషన్‌లో ఇసుక బకెట్ నిండుగా ఉంటే మెచ్చుకుంటారే గానీ అనుమానిస్తారా? మీకు ఆకారం పోకుండా పాత సీట్ల స్పాంజి కూరి కుట్టేశాను. వీపు మీద 75 అని రాసే ఉంది. రాసి ఉన్నాక తూచేదెవడు?

మరుసటేడు ఇంకో మూడు. ఆపైన నాలుగు. ఒళ్ళు ఎంత దిగితే మిమ్మల్ని అంత దించాను. ఆరేళ్ళలో ఇరవై రెండు కిలోలు తగ్గారు మీరు. నా నడుము మాత్రం ఆరు వేళ్ళు పెరిగింది.

ఇందులో తమాషా ఏమిటంటే అల్లుడుగారూ, మిమ్మల్ని మోసేది నేనొక్కణ్ణే కాదుగా. స్టేషన్‌లో అందరి టైమింగూ ఏటికేడు బాగుపడింది! ఒకడు డెబ్బై సెకన్లన్నాడు, ఇంకొకడు అరవై. జిల్లా మొత్తానికి ఫిట్‌నెస్‌లో మన స్టేషన్‌కే షీల్డు. దానికి కారణం ఎవరయ్యా అంటే, మామ! మామ ఇచ్చే ట్రైనింగ్! స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చారు. నేను గుడ్డు తెల్లసొన గురించీ, పెందలాడే పడుకోవడం గురించీ పదిహేను నిమిషాలు ఉపన్యాసం దంచాను. సిగ్గు లేకుండా చెప్తున్నా, ఆ పదిహేను నిమిషాలూ నేను చెప్పేది నేనే నమ్మాను.

వేళ్ళు మొద్దుబారుతున్నాయి. మీరు కాస్త... లేదు. కదలరు. కుడితిలో పడ్డ ఎలుక అయినా కాసేపు కొట్టుకుంటుంది. నాకు ఆ భాగ్యం కూడా లేదు.

నిచ్చెన సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇవన్నీ చెప్తున్నాను, గమనించారా?

నిచ్చెనంటే మనవాడే, మిమ్మల్ని అందరికంటే తొందరగా దించేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు. కాలి మడమలు ఎత్తకుండా ట్యూబ్‌లైటు మారుస్తాడు, అందుకే ఆ పేరు. ఇద్దరు ఆడపిల్లలు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. మిమ్మల్ని ఎలా లేపాలో చూపించింది నేనే. "ఆలోచించకు, ఒక్క ఊపు, భుజం మీద పడాలి" అని.

పదకొండు రోజుల కింద, మిట్టమధ్యాహ్నం. ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు. వంటింట్లో మంట. మంట చిన్నదే, పొగ పెద్దది. లోపలి గదిలో గడియారాలు బాగుచేసే పెద్దాయన స్పృహ తప్పి ఉన్నాడు. ఆయన భార్య మెట్ల మీద నిలబడి గుండెలు బాదుకుంటోంది.

రూలు మీకూ తెలుసు. డెబ్బై అయిదు దాటిన మనిషైతే ఇద్దరు వెళ్ళాలి. ఆ లోపైతే ఒకడు చాలు. మన స్టేషన్‌లో కిలోల్లో ఎవరాలోచిస్తారు? అల్లుడంత ఉంటాడా, అల్లుడి కంటే బరువా, ఇంతే. నిచ్చెన ఆవిణ్ణి అడిగాడు, ఎంత బరువుంటారమ్మా అని. "డెబ్బై అయిదు బాబూ, మొన్ననే డాక్టరు గారు తూచారు" అంది.

వాడు మాస్కు సర్దుకుంటూ నా వైపు తిరిగి, "అల్లుడంతే మామా, నేనొక్కణ్ణే తెస్తా. మీరు గొట్టం చూసుకోండి" అన్నాడు.

విన్నాను. నాకంటే బాగా విన్నవాడు లేడు. "ఆగరా, నేనూ వస్తా" అని ఒక్క మాట. అంతే కదా? నోరు తెరిచాను కూడా. వెంటనే అడుగుతాడే, ఎందుకు మామా, అల్లుణ్ణి నేను పరిగెత్తుతూ దించుతాగా అని. అప్పుడేం చెప్పాలి? నోరు మూసుకున్నాను. గొట్టం పట్టుకుని నిలబడ్డాను.

పెద్దాయన్ని మెట్ల మలుపు దాకా ఈడ్చుకొచ్చి, భుజాన వేసుకోవడానికి వాడు నేను నేర్పినట్టే చేశాడు. ఒక్క ఊపు. పెద్దాయన సగం వరకే వచ్చాడు. సగంలో ఆ బరువు వాణ్ణి వెనక్కి లాగేసింది. మోకాలు మెలిపడి, ఇద్దరూ మెట్ల మలుపులో కుప్పకూలారు. పొగలో, రెండు నిమిషాలు. పెద్దాయన తుంటి విరిగింది. పొగ ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆఖరికి నేనూ, పంపు దగ్గరవాడూ కలిసి దించాం. నేను కాళ్ళు పట్టుకున్నాను. పట్టుకోగానే తెలిసింది, డెబ్బై అయిదు కిలోలంటే ఎంతో. నేనే మర్చిపోయాను దాన్ని.

ప్రాణానికి ఫర్వాలేదన్నారు డాక్టర్లు. మాట ఇంకా సరిగా రావట్లేదు. మళ్ళీ గడియారాల ముందు కూర్చుంటాడో లేదో చెప్పలేమన్నారు.

నిచ్చెనను సస్పెండ్ చేశారు. రేపు పొద్దున పదింటికి విచారణ. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ నోటీసు అంటించింది: ముగ్గురు పెద్దల ముందు మిమ్మల్ని వాడు మళ్ళీ మొయ్యాలి. అవలీలగా మోస్తే, బలముండీ పెద్దాయన్ని పడేశాడు, భయపడ్డాడు అని రాస్తారు. మొయ్యలేకపోతే, ఒళ్ళు పనికిరాదు అని రాస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటైనా ఉద్యోగం ఊడినట్టే.

వాడు ఏమన్నాడో తెలుసా మీకు? ఎవరి మీదా తప్పు నెట్టలేదు. "నాదే తప్పు మామా, ఆ రోజు నా ఒంట్లో ఏమైందో తెలియదు" అన్నాడు. వాడి ఒంటిని వాడే అనుమానించుకుంటున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ వాడు! వాళ్ళ పెద్దపిల్ల, మూడో తరగతి, మొన్న గేటు దగ్గర నన్ను పట్టుకుని, "తాతా, మా నాన్న పిరికివాడా? స్కూల్లో అంటున్నారు" అని అడిగింది. నేను... దానికి చాక్లెట్ కొనిచ్చాను. అడిగిందానికి జవాబు చెప్పకుండా చాక్లెట్ కొనిచ్చిన వెధవని నేను.

ఇవాళ స్టేషన్ ఖాళీ కాగానే ఇక్కడికొచ్చి తలుపు దగ్గరికి వేసి మీ వీపు విప్పాను. స్పాంజి పీకేసి, బకెట్ల ఇసుకంతా మళ్ళీ మీలో పోశాను. బకెట్టు బకెట్టుకీ కొక్కెం కాటాతో తూకం చూసే పోశాను. సరిగ్గా డెబ్బై అయిదు. కుట్టేశాను. ఎవరి ఇసుక వాళ్ళకిచ్చేశాను, న్యాయం చేశాను అనుకున్నాను.

న్యాయమా! నా మొహం న్యాయం. నోటీసులో కింద ఇంకో లైనుంది, అది చెప్పలేదు మీకు. రేపు తూకం యంత్రం కూడా తెస్తున్నారట. అందుకే పోశాను. మీరు సరిగ్గా తూగితే నా ఆరేళ్ళూ మాయం. ఆ కుంటి కాలుతో నిచ్చెన మిమ్మల్ని లేపలేడు, వాడి ఒళ్ళే పనికిరాదని తేలిపోతుంది, ఫైలు మూస్తారు. వాణ్ణి కాపాడదామని రాలేదండీ నేను. నన్ను కాపాడుకుందామనొచ్చాను.

మరి పని అయిపోయాక వెళ్ళొచ్చుగా? ఇలా పడుకోవడమెందుకు?

అదే అడుగుతున్నా నన్ను నేను. కుట్టేశాక మిమ్మల్ని చూస్తే, నిండుగా, ఆరేళ్ళ కిందటి అల్లుడిలా కనిపించారు. ఒక్కసారి లేపి చూద్దామనిపించింది. ఎవరూ లేరుగా. నిజంగా అంత పోయిందా నాలో, లేక అనవసరంగా భయపడి చచ్చానా, చూద్దాం అని. చొక్కా విప్పి మేకుకి తగిలించాను. వంగాను. ఒక్క ఊపు. మీరు గుండెల దాకా వచ్చారు. రెండు సెకన్లుంటుంది, మహా అయితే మూడు. ఆ మూడు సెకన్లు నాకు మళ్ళీ యాభై. తర్వాత నడుములో పటుక్కుమంది.

అయిపోయింది. అంత పోయింది. మీ అత్తగారు చెప్పినట్టు వయసుని లోపలికి పిలిచి కూర్చోబెట్టుంటే, ఈపాటికి కంట్రోల్ రూమ్‌లో టీ తాగుతూ దారులు చెప్తుండేవాణ్ణి. ఆ పెద్దాయన గడియారాలు చూసుకుంటుండేవాడు.

ష్... బండ్లు. విన్నారా? వచ్చేశారు.

స్పాంజి ముక్కలు ఇక్కడే ఉన్నాయి. మడమతో తోస్తే... కొద్దిగా... రాక్ కిందికి... వెళ్ళాయి. ఆ ఒక్కటీ కూడా... సరే, అదీ వెళ్ళింది. బకెట్లు ఖాళీగా ఉన్నాయంటే కడగడానికి తీశానంటాను. కాలు జారింది, అల్లుడు మీద పడ్డాడు. నవ్వుతారు. నవ్వనీ. మీరు నోరు మూసుకుని ఉండండి చాలు.

ఎవరది? ఇటు, ఇటు! రాక్ వెనక!

నువ్వా? నువ్వెందుకొచ్చావురా? నిన్ను సస్పెండ్... ఓహో, రేపటికి ప్రాక్టీసా. ఆ కట్టు కట్టుకున్న మోకాలితోనా?

ఏం లేదురా, కాలు జారింది. అంతే. ఆగు, అలా లాగకు, నీ మోకాలు జాగ్రత్త. మెల్లిగా. అల్లుడి చంకల కింద చేతులు పెట్టు...

ఏమైంది? రావట్లేదా? ఇంకోసారి... చాలు, చాలు, వదిలెయ్.

ఒరేయ్. ఏంట్రా ఇది, కూర్చుండిపోయావేంటి? ఏడుస్తావేంటి నాన్నా? నీ ఒంట్లో బలం లేదని ఎవడన్నాడు? వాళ్ళు రాయక ముందే నువ్వే రాసిచ్చేస్తావా? పనికిరానని?

రాజీనామా జేబులోనే ఉందా? ఏదీ... లోపల పెట్టు దాన్ని. లోపల పెట్టమన్నానా!

విను. నా మొహం వైపు చూడకు, ఆ గోడ వైపు చూసి విను. నువ్వు ఇన్నేళ్ళూ పరిగెత్తుతూ దించింది యాభై మూడు కిలోలు. డెబ్బై అయిదు కాదు. ఇసుక నేనే తీశాను. ఏటేటా తీశాను. నా ఒళ్ళు దిగిపోతోందని ఒప్పుకోలేక తీశాను. ఆ రోజు మెట్ల మీద నువ్వు అల్లుడంతే అన్నప్పుడు కాదని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇందాకే మళ్ళీ నింపాను, దొరక్కుండా ఉండటానికి. నమ్మకపోతే ఆ రాక్ కింద చెయ్యి పెట్టి చూడు, స్పాంజి ఉంటుంది.

ఊఁ. చూశావుగా.

ఆ స్పాంజి పట్టుకుని చూస్తావేంటి, తిట్టు. తిట్టవా? సరే, తర్వాత తిట్టు.

వద్దు వద్దు, నన్నిప్పుడే లేపకు. మనుషుల్ని పిలిచి కూడా లేపించకు. నా సంగతి నాకు తెలుసు. లేచి, చొక్కా తొడుక్కుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగానంటే మళ్ళీ మామనైపోతాను. ఏదో ఒకటి అల్లేస్తాను. ముందు వెళ్ళి ఆఫీసరమ్మను పిలుచుకురా. ఇలా పడి ఉండగానే ఆవిడతో చెప్పనీ.

నాకేం కాదు, వెళ్ళు. ఆరేళ్ళుగా ఎగ్గొట్టిన బరువేగా, ఇంకో పది నిమిషాలు మోస్తాలే.